ప్యాకప్ చెప్పని వదిన

మా వదిన మంచి కంపెనీల మీద సినిమాలు తీస్తుంది. ఐదు నిమిషాలవి, పది నిమిషాలవి. మంచి కంపెనీ అంటే ఏమిటని మొదట్లో నేనూ అడిగాను. మంచి పని చేసి, ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఉబలాటపడే కంపెనీ అంది. మంచి పని చేయకుండానే ఉబలాటపడేవి ఉండవా అన్నాను. "అవే ఎక్కువ. మనకి పనిచ్చేవి కూడా అవే" అంది లెన్సు తుడుచుకుంటూ.

నేను ఆమెకి ఆడపడుచుని. ఆడపడుచన్నాక వదిన మీద నాలుగు సాధింపులైనా ఉండాలి కదా, నా దగ్గర నాలుగు వందలున్నాయి. ఇరవై రెండేళ్ళు ఒక బడిలో గుమాస్తాగా హాజరుపట్టీలు రాశాను. బడి మూతపడ్డాక ఇంట్లో కూర్చుని ఆమెనే సాధిస్తుంటే, "ఆ తప్పులు పట్టేదేదో నా షూటింగులో పట్టు" అని లాక్కెళ్ళింది. అప్పట్నుంచీ ఆమె సినిమాలకి కంటిన్యుటీ పుస్తకం రాసేది నేనే.

కంటిన్యుటీ అంటే సినిమావాళ్ళకి పట్టుకున్న ఒక జబ్బు. తెర మీద ఐదు నిమిషాల్లో అయిపోయే సంగతిని వాళ్ళు నాలుగు రోజులు తీస్తారు. నాలుగు రోజులూ ఒక్క రోజులాగే కనబడాలి. మొదటి రోజు గ్లాసులో టీ సగం ఉంటే నాలుగో రోజూ సగమే ఉండాలి. ఎడమ చేతి గడియారం కుడి చేతికి మారకూడదు. ఇవన్నీ ఒకరు రాసి పెట్టుకుని, ఏది మారినా మళ్ళీ మొదటిలాగే పెట్టించాలి. ఇక షూటింగ్ అయిపోయిందని డైరెక్టరు నోటితో "ప్యాకప్" అనేదాకా ఫ్రేములో ఉన్న వస్తువుని గానీ మనిషిని గానీ ఎవరూ కదపడానికి లేదు. హాజరుపట్టీలు రాసినదాన్ని కాబట్టి నాకిది కొట్టిన పిండి.

మా అన్నయ్య కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఇంట్లో ముందుగది ఆయనది, వెనకగది ఆమెది. కిటికీ గట్టు మీద ఒక పక్క ఆరుతున్న పళ్ళ సెట్లు, ఇంకో పక్క లెన్సులు. "ఆయనవి కట్టుడు పళ్ళు, నావి కట్టుడు నవ్వులు" అని వదిన వచ్చినవాళ్ళకి చెప్పి నవ్వేది. పరుపుల కంపెనీ సినిమా తర్వాత ఆ మాట అనడం మానేసింది.

ఆ పరుపుల కంపెనీవాళ్ళు వెయ్యి మొక్కలు నాటారని సినిమా. తీరా మేం వెళ్తే ఉన్నది ఒక్క మొక్క. దాన్నే తొమ్మిది చోట్ల నాటి, పీకి, మళ్ళీ నాటి తీశాం. ప్రతిసారీ దాని మూడో ఆకు ఎటు తిరగాలో పుస్తకం చూసి నేనే చెప్పాను. ఛైర్మన్ గారు తొమ్మిదిసార్లూ నీళ్ళు పోశారు. ఆఖరుసారి నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. సినిమాకి బహుమతి వచ్చింది, పెద్ద హాల్లో జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ మొక్కని ఏం చేయాలో ఎవరికీ తోచక, మా వదిన బకెట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇప్పటికీ మా మెట్ల మలుపులో ఉంది. బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడల్లా ఆ వెయ్యి మొక్కల అడవి నా చీర పట్టుకుని లాగుతుంది.

బహుమతి ఇంటికొచ్చిన రోజు వదిన ఏడ్చింది. "లేనిది ఉన్నట్టు చూపించాను, సరే. కెమెరా దించగానే ఆ కాస్తా కూడా పీకేశారు చూడు, అదీ బాధ" అంది. బహుమతి వస్తే ఏడ్చేవాళ్ళని నిన్నే చూస్తున్నానని దెప్పాను. నాకేం తెలుసు, ఆ ఏడుపు నన్ను తొమ్మిది నెలలు సబ్బుల గోదాములో తుమ్మిస్తుందని!

బహుమతి పుణ్యమా అని సబ్బుల కంపెనీ పిలిచింది. ఊరి చివర రేకుల కప్పు హాలు. పొడవాటి బల్లలు నాలుగు, బల్లకి పదిమంది చొప్పున నలభైమంది ఆడవాళ్ళు. కొందరు సబ్బుకి కాగితం చుడతారు, కొందరు స్టిక్కరు వేస్తారు, కొందరు పెట్టెల్లో పేరుస్తారు. గాలి నిండా సబ్బుపొడి, ఎప్పుడూ ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా అంతా నిలబడే చేయాలి. కూర్చుంటే చేతులు మందగిస్తాయని కంపెనీ గట్టి నమ్మకం.

మేం తీయాల్సిన సినిమా మాత్రం, కార్మికులంతా కంపెనీకి కుటుంబమని. కుటుంబాన్ని తొమ్మిది గంటలు నిలబెట్టి చూపిస్తే బాగుండదు కదా! అందుకని సామాన్లు అద్దెకిచ్చే షాపు నుంచి నలభై నీలం ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు. వాటి వీపు మీద షాపు పేరు తెల్లరంగుతో రాసి ఉంటే, కెమెరాని ముందువైపే తిప్పమన్నారు. ఇవన్నీ చూసుకునే ఆయన కంపెనీలో సామాజిక బాధ్యతల ఆఫీసరు. ఆడవాళ్ళు ఆయన్ని మంచితనం సారు అంటారు. నిజంగానే మంచివాడు, పాపం. ఎవరినైనా గట్టిగా కసిరితే ముందు తనే ఉలిక్కిపడే రకం.

మొదటి రోజు ఆ ఆడవాళ్ళకి కూర్చోవడం చేతకాలేదు. కుర్చీ అంచు మీద, ఎవరో లేపుతారన్నట్టు కూర్చున్నారు. "వెనక్కి ఆనుకోండమ్మా" అని వదిన నలభైమందికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. అందరిలోకీ పెద్దామె పంతొమ్మిదేళ్ళుగా స్టిక్కర్లు వేస్తోంది, ఆమె పేరే స్టిక్కరమ్మ అయిపోయింది. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఆమె వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. వదిన "యాక్షన్" అని మూడుసార్లు అన్నా తెరవలేదు.

సాయంత్రం ఐదయింది. కావలసినదంతా తీయడం అయిపోయింది, గేటు దగ్గర కుర్చీలాయన బండి కూడా వచ్చి ఆగింది. వదిన ప్యాకప్ అనబోతుంటే స్టిక్కరమ్మ దగ్గరికొచ్చింది.

"డైరెక్టరమ్మా, రేపు కూడా షూటింగ్ ఉందా?"

వదిన ఆ కాళ్ళ వంక చూసింది.

"ఉంది" అంది.

నేను పుస్తకంలోంచి తలెత్తి గుడ్లప్పగించి చూశాను. రేపటికి తీయడానికి ఒక్క ముక్క కూడా లేదు.

రెండో రోజు ఫ్యాను చప్పుడు వినిపిస్తోందంది. మూడో రోజు మబ్బు. నాలుగో రోజు వెలుతురు మరీ ఎక్కువ. వారం దాటాక సాకులు అయిపోయి, "ఏదో లోపించింది" అనడం మొదలుపెట్టింది. ఆ మాటకి ఎదురుచెప్పే మగాడు ఆ కంపెనీలో లేడు. ఎండీ గారైతే, బహుమతి సినిమాలంటే అంతేనయ్యా, టైం పడుతుంది అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఏడాది చివర్లో పెద్ద పోటీ ఉంది, దానికి ఈ సినిమా పంపాలని ఆయన ఆశ.

ఇక నా పుస్తకం ఆ కంపెనీని పాలించడం మొదలుపెట్టింది. మొదటి రోజు గోడ మీద క్యాలెండర్ పన్నెండో తారీఖు, కాబట్టి ఆ హాల్లో మేం ఉన్నన్నాళ్ళూ పన్నెండో తారీఖే. మంచితనం సారు ఆ రోజు పసుపు గళ్ళ చొక్కా వేసుకొచ్చాడు, జేబు మీద సిరా మరకతో. రోజూ అదే చొక్కా ఉతికించుకుని వచ్చేవాడు. ఉతికితే మరక పోయేది, పొద్దున్నే నా ముందు నిలబడి జేబు చాపేవాడు, నేను పెన్నుతో మళ్ళీ మరక వేసేదాన్ని. ఎండీ గారు ఆ రోజు చూపుడువేలికి కట్టుతో ఫ్రేములో నిలబడి నవ్వాడు. వేలు నాలుగు రోజుల్లో నయమైపోయింది, కట్టు మాత్రం నేను విప్పనివ్వలేదు. సంతకాలు కూడా ఆ కట్టుతోనే పెట్టేవాడు. కంపెనీ సబ్బు కాగితం రంగు మార్చాలనుకుంది, నేను ఒప్పుకోలేదు. చెప్పొద్దూ, నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

రెండో నెలలో ఇద్దరు పనివాళ్ళని తీసేస్తామన్నారు. "కుదరదండీ, వాళ్ళు ఫ్రేములో ఉన్నారు. తీసేస్తే కథ తెగిపోతుంది" అంది వదిన. మంచితనం సారు నా పుస్తకం వంక చూశాడు. మూడో బల్ల, ఎడమవైపు నుంచి ఐదు, ఆరు అని వేలు పెట్టి చూపించాను. వాళ్ళు ఉండిపోయారు.

ఐదో నెలలో పెట్టెలు పేర్చే ఒక అమ్మాయి కాన్పుకి వెళ్ళాల్సి వచ్చింది. కాన్పుకి వెళ్తే పేరు కొట్టేసి ఇంకొకరిని పెట్టుకోవడం ఆ కంపెనీ పద్ధతి. వదిన ఒప్పుకోలేదు.

"ఆ అమ్మాయి వచ్చేదాకా ఆ మూల తీయను. కుర్చీ అలాగే ఉండనివ్వండి."

"తిరిగొచ్చేసరికి కడుపు ఉండదు కదా మేడమ్?" అన్నాడు మంచితనం సారు, చాలా మర్యాదగా.

"దిండు పెడతాం" అన్నాను నేను. ఆయన దాన్ని కూడా కాగితం మీద రాసుకున్నాడు.

నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఇన్ని నెలలు తీసింది ఎక్కడ దాస్తోందని ఒక రోజు అన్నం తినే టైంలో కెమెరా తెరిచి చూశాను. లోపల మెమరీ కార్డు లేదు. కార్డు లేదని తెర మీద వచ్చే అక్షరాలు ఎవరికీ కనబడకుండా నల్ల టేపు అంటించి ఉంది.

"కార్డు లేకుండా తీస్తున్నావా వదినా! ఎన్నాళ్ళనుంచి?"

"మొదటి వారం అయిపోయినప్పట్నుంచి. కార్డులో ఉంటే చూపించమంటారు. చూపిస్తే బాగానే ఉందిగా, చాలు అంటారు. చాలంటే రేపు కుర్చీలు ఉండవు."

"నువ్వు రోజంతా నిలబడే ఉంటున్నావు, ఖాళీ డబ్బా వెనకాల. పిచ్చి గానీ పట్టిందా?"

"కాళ్ళు లాగుతున్నాయమ్మాయ్" అంది. ఆ రోజు నేను ఆమె మీద ఒంటికాలి మీద లేచాను. బోలెడంత తిట్టాక, ఆ టేపు మీద ఇంకో టేపు ముక్క నేనే అంటించాను.

ఈలోగా ఆమె పేరు మంటగలిసిపోతోంది. గొడుగుల కంపెనీ పని ఇంకెవరికో ఇచ్చింది. బూట్ల కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది. ఐదు నిమిషాల సినిమాకి ఆరు నెలలంట అని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. పదేళ్ళు పెళ్ళి వీడియోలు తీసి, పూలదండల మీద జూములు చేసి, గుమ్మం గుమ్మం తిరిగి తెచ్చుకున్న పేరది. అన్నయ్య ఎప్పుడూ ఆమె పనిలో తలదూర్చడు, ఆయన కూడా ఒక రోజు పళ్ళ సెట్టు చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సినిమా ఇచ్చెయ్యవే. ఆ కుర్చీలకి నువ్వేమన్నా పూచీయా?"

"నేనే కదా కూర్చోమన్నాను" అంది వదిన.

అన్నయ్య ఆ సెట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుని మళ్ళీ ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

పోటీ గడువు వచ్చింది, పోయింది. సినిమా వెళ్ళలేదు. బహుమతి ఇంకో సబ్బుల కంపెనీకి వచ్చింది. ఆ మర్నాడు పొద్దున పదింటికి మంచితనం సారు హాల్లోకి వచ్చాడు, తెల్ల చొక్కాలో. అలవాటుకొద్దీ "చొక్కా మార్చారేంటండీ!" అని కసిరాను. ఆయన నా వంక చూడలేదు. నాలుగు బల్లల దగ్గరా చేతులు ఆగిపోయాయి. ఆ చొక్కా చూడగానే అందరికీ అర్థమైపోయింది. ఆయన వెనకాలే కుర్చీలాయన, బండి దగ్గర ఇద్దరు మనుషులు.

జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఎండీ గారి ఆదేశం ప్రకారం ఈ రోజుతో షూటింగ్ ముగిసింది. ప్యాకప్."

ఎవరూ లేవలేదు.

ఆయన మళ్ళీ చదివాడు, ఈసారి కాస్త గొంతు పెంచి. తనే ఉలిక్కిపడ్డాడు.

"ప్యాకప్ డైరెక్టరమ్మ చెప్పాలి సారూ" అంది స్టిక్కరమ్మ. "మేం లేస్తే కంటిన్యుటీ పోతుంది."

అందరూ వదిన వైపు తిరిగారు. మంచితనం సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీరు చెప్పేయండి మేడమ్. చెప్తే ఉన్నదానితోనే సరిపెట్టుకుంటామన్నారు. బయట మీ గురించి ఏమీ అనరు. చెప్పకపోతే ప్రతి కంపెనీకీ ఉత్తరం రాస్తానంటున్నారు. ఇంక ఎవరూ మిమ్మల్ని పిలవరు."

ఉన్నదల్లా మొదటి వారం తీసిన కార్డు. అందులో ఐదు నిమిషాల సినిమాకి కావలసినదంతా ఉంది. వదిన నోరు తెరిస్తే చాలు, పేరు దక్కుతుంది. స్టిక్కరమ్మ కూర్చున్న చోటు నుంచే అంది, "చెప్పేయమ్మా. నువ్వు చెప్తే లేస్తాం. నీ పొట్ట కొట్టం."

వదిన నోరు తెరిచింది కూడా. ఏమనాలని నేను కోరుకున్నానో ఇప్పటికీ నిజం చెప్పలేను. ప్యాకప్ అని మాత్రం ఆమె అనలేదు.

మంచితనం సారు చెమట తుడుచుకుని కుర్చీలాయనతో అన్నాడు, "మనుషులున్నవి తర్వాత చూద్దాం. ముందు ఆ ఖాళీది తీసుకో."

ఖాళీది అంటే కాన్పుకి వెళ్ళిన అమ్మాయిది. నాలుగో బల్ల చివర. ఆ కుర్చీ పోతే ఆ చోటు పోతుంది, చోటు పోతే ఆ అమ్మాయి పేరు పోతుంది. కుర్చీలాయన చెప్పులు ఈడ్చుకుంటూ అటు నడిచాడు. వదిన కెమెరా వదిలేసింది. ఏడు నెలల్లో మొదటిసారి కెమెరా ముందుకి వచ్చింది. ఇద్దరూ ఆ కుర్చీ దగ్గరికి దాదాపు ఒకేసారి చేరారు. ఆయన చెయ్యి వేసేలోపల ఆమె కూర్చుంది.

పక్కామె ఒక ఖాళీ పెట్టె ఆమె ముందుకి తోసింది. వదిన సబ్బులు పేర్చడం మొదలుపెట్టింది. ఎంత అసహ్యంగా పేర్చిందంటే నాకు లేచి వెళ్ళి సర్దాలనిపించింది. స్టిక్కరమ్మ కళ్ళు తుడుచుకుని స్టిక్కరు చేతిలోకి తీసుకుంది. తర్వాత అందరి చేతులూ కదిలాయి. వదిన బతుకు మొత్తంలో తీయవలసిన సినిమా అదొక్కటే, అది కళ్ళెదుట జరుగుతోంది, కెమెరాలో కార్డు లేదు. నేను పరుగెత్తి కార్డు పెట్టాలా అని ఆమె వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఇంకో సబ్బు తీసుకుంది.

మంచితనం సారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. పావుగంటకి మళ్ళీ వచ్చాడు. ఒంటి మీద పసుపు గళ్ళ చొక్కా. తిన్నగా నా దగ్గరికొచ్చి జేబు చాపాడు.

"పొరపాటున మార్చుకున్నానండీ. మరక వేయండి" అన్నాడు.

వేశాను. ఈసారి మరక కొంచెం పెద్దదైంది.

మధ్యాహ్నం ఎండీ గారు తనే దిగి వచ్చాడు, గట్టిగా అరుద్దామనే వచ్చాడు. వేలికి కట్టు ఇంకా ఉంది, విప్పడం మర్చిపోయినట్టున్నాడు. హాల్లో పని సాఫీగా సాగుతోంది, పెట్టెలు ఎప్పటిలాగే నిండుతున్నాయి. "ఇంకెన్నాళ్ళు?" అని అడిగాడు. "ఆ అమ్మాయి రావాలండీ" అంది వదిన, సబ్బుల్లోంచి తలెత్తకుండా. ఆయన ఉత్తరాలు రాస్తానన్నాడు, రాశాడు కూడా. అప్పట్నుంచీ ఏ మంచి కంపెనీ మా వదినని పిలవలేదు. కుర్చీలాయన మాత్రం వారం వారం వచ్చి అడిగి అడిగి విసిగిపోయాడు, చివరికి కంపెనీయే ఆ కుర్చీలు కొనేసుకుంది. ఇప్పుడు చుట్టాల్ని తెచ్చినట్టు బయటివాళ్ళని తెచ్చి ఆ హాలు చూపిస్తున్నారట, మా వాళ్ళు మొదట్నుంచీ కూర్చునే చేస్తారని.

వదిన ఇంకా రెండు నెలల పన్నెండు రోజులు అక్కడ సబ్బులు పేర్చింది. కెమెరా స్టాండు మీద దుమ్ముకొట్టుకుపోయి నిలబడింది, దాని పక్కన నేను పుస్తకంతో. ఆ తర్వాత ఒక పొద్దున ఆ అమ్మాయి వచ్చింది. పిల్లని తల్లి దగ్గర వదిలి వచ్చానంది. చంకలో ఒక దిండు ఉంది.

"దిండు కావాలన్నారటగా, తెచ్చుకున్నాను" అంది.

మా వదిన నవ్వింది. ఇన్నేళ్ళలో అలా నవ్వగా నేను చూడలేదు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి, కుర్చీని చేత్తో తుడిచి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, దిండు వీపు వెనకాల పెట్టింది. అప్పుడు, ఎవరికీ వినబడనంత చిన్నగా, "ప్యాకప్" అంది. స్టిక్కరమ్మకి వినబడిందనుకుంటాను, ఎందుకంటే తలెత్తి చూసింది. కానీ లేవలేదు, ఇంకా వెనక్కి ఆనుకుంది.

ఇప్పుడు మా వదిన మళ్ళీ పెళ్ళి వీడియోలు తీస్తోంది. పూలదండల మీద జూము బాగా తీస్తుందని పేరు. ఆమె మీద నా సాధింపులు నాలుగు వందలూ అలాగే ఉన్నాయి, వాటిలో ఈ సంగతి మాత్రం లేదు. మీరు తీసిన వాటిలో మంచిది ఏదండీ అని ఎవరైనా అడిగితే, వెనకగదిలోకి వెళ్ళి నా కంటిన్యుటీ పుస్తకం తెచ్చి ఆఖరి పేజీ చూపిస్తుంది. అది నేను రాసిందే. తారీఖు పన్నెండు. కుర్చీలు నలభై. కూర్చున్నవాళ్ళు నలభై. మార్పు లేదు.